మునగలంక లేని జాబితా

కోనసీమ వెళ్లొచ్చి నాలుగు నెలలవుతోంది. ఇప్పటికీ ఆఫీసులో ఎవరో ఒకరు "కొబ్బరికాయలేవి?" అని అడుగుతూనే ఉన్నారు. తేలేదు. పూతరేకులూ తేలేదు. నేను తెచ్చుకున్నవల్లా ఒంటి చెప్పు, మోకాళ్ల నొప్పి, నీళ్లకు తడిసి అట్టలా ఎండిపోయిన కంప్యూటరు కాగితం చుట్ట ఒకటి. ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. ఒకేసారి రాసి పెడుతున్నాను, చదువుకోండి.

నేను పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, పద్నాలుగేళ్లుగా హైదరాబాదులో ఒక సర్కారు ఆఫీసులో కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తున్నాను. గదంతా ఆక్రమించిన మా మిషనుకు ఏసీ ఉంది. దాన్ని నడిపే మాకు మూడు ఫ్యాన్లున్నాయి, అందులో ఒకటి తిరుగుతుంది.

పోయిన ఏడాది మా దగ్గరికి ఒక పని వచ్చింది. కోనసీమలో ఒక నర్సమ్మకు నెలకు ఒక్క రోజు జీపు ఇస్తారు, ఐసు పెట్టెలో పోలియో చుక్కలు ఇస్తారు. పొద్దున్న ఆరింటికి నింపిన ఐసు మధ్యాహ్నం మూడు దాకా ఆగుతుంది. ఆ తర్వాత చుక్కలు పారబోసుకోవడమే. తిరగాల్సినవి పదమూడు ఊళ్లు. అన్నీ ఒక్క రోజులో కావు. మరి ఏయే ఊళ్లకు ఏ వరసలో వెళ్తే ఎక్కువమంది పిల్లలకు చుక్కలు పడతాయి? ఇదీ ప్రశ్న. నేను ప్రోగ్రాము రాశాను. ఇంతకన్నా మంచి వరస ఇంకొకటి ఉండదని రుజువు కూడా రాశాను, మూడు పేజీలు. ఈ ఉద్యోగంలో నేను మనసుపెట్టి చేసిన పనులు చాలా తక్కువ. అందులో ఇదొకటి.

మూడు నెలలు మూడు జాబితాలు వెళ్లాయి. తర్వాత ఒక ఇన్‌లాండు ఉత్తరం వచ్చింది. "అయ్యా, మీరు పంపిన మూడు జాబితాల్లోనూ మునగలంక లేదు. అక్కడ మనుషులున్న సంగతి మీ మిషనుకు తెలుసునా? తెలియనిచో తెలియజేయగలరు. ఇట్లు, ఎస్తేరు రాణి, నర్సు."

మా పై అధికారి ఆ ఉత్తరం నా బల్ల మీద పడేసి, "నువ్వే వెళ్లి చూసి రామ్మా" అన్నారు. నా లెక్కలో తప్పు లేదు. ఆ ముక్క ఆవిడ మొహం మీద చెప్పి రావడానికే బయల్దేరాను.

రావులపాలెం దాటాక

రైలులో నిద్రలేదు, బస్సులో సీటు లేదు. రావులపాలెం దాటాక కిటికీ పక్కన చోటు దొరికింది. బయట ఎటు చూసినా నీళ్లే. కాలవలో నీళ్లు, బోదెలో నీళ్లు, రెండో పంట దాళ్వా చేలో నీళ్లు, కొబ్బరి చెట్ల మొదళ్లలో నీళ్లు. మార్చి నెలలో మా ఊళ్లో బావిలోకి బిందె వేస్తే రాయి తగిలిన చప్పుడొస్తుంది. ఇక్కడ ఒకాయన నడి కాలవలో గేదెను నిలబెట్టి, తీరిగ్గా వీపు తోముతున్నాడు. నాకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది. ఇన్ని నీళ్లు ఒక్కచోట పోసిన వాడి మీద కోపం వచ్చింది.

అంబాజీపేటలో బస్సు ఆగినప్పుడు పొట్టిక్కలు తిన్నాను. పనసాకుల్ని పుల్లలతో గుచ్చి బుట్టలా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. రూపాయికి రెండు. ఆకు వాసన పిండికంతా పట్టి ఉంటుంది. రెండు తిని మరో రెండు అడిగాను. హోటలాయన "ఆయ్, తినండి మేడమ్ గారూ, అలిసిపోయినట్టున్నారు" అన్నాడు. ఈ వైపు "అవును"కీ, "అలాగే"కీ, "విన్నాను"కీ అన్నిటికీ ఆయ్ అనే ఒక్క మాట సరిపోతుంది. హైదరాబాదులో నేను అలిసిపోయానని పద్నాలుగేళ్లలో ఎవరూ కనిపెట్టలేదు. నాలుగు పొట్టిక్కలు తినేలోపు ఈయన కనిపెట్టేశాడు.

అమలాపురం బస్‌స్టాండులో ఎస్తేరు రాణి గారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. నలభై ఐదేళ్లుంటాయి. తెల్లచీర, నూనె రాసి బిగించి దువ్విన జుట్టు. నేను కయ్యానికి సిద్ధపడి వచ్చాను. ఆవిడ ముందు నా సంచి లాక్కున్నారు.

"ఎవరో మగాయన వస్తారనుకున్నానండి. ఉత్తరంలో అయ్యా అని రాసేసేను. ఏవనుకోకండి."

"దానికేం లేదు గానీ, మనుషులున్నారని మిషనుకు తెలుసా అని రాశారు చూడండి, దానికి అనుకున్నాను."

"అది కోపంలో రాసేనండి" అని నవ్వేశారు. "రండి, ముందు కాఫీ తాగుదురు గాని. రేపే మన రౌండు."

జీపులో పదకొండు ఊళ్లు

పొద్దున్న ఆరింటికి జీపు కదిలింది. ఐసు పెట్టె మా ఇద్దరి మధ్యా ఉంది. నా చేతిలో జాబితా, ఆవిడ చేతిలో అదే జాబితా. ఒక్క సంగతి దాచకుండా చెప్తాను. జాబితా చక్కగా నడిచింది. ఏ ఊరికి ఎన్నింటికి చేరతామని హైదరాబాదులో కూర్చుని రాశానో ఐదూ పది నిమిషాల తేడాతో అప్పటికే చేరాం. అరుగుల మీద తల్లులు పిల్లల్ని చంకనేసుకుని సిద్ధంగా ఉన్నారు. చుక్కలు పడగానే పిల్లలు మొహం చిట్లించడం, తల్లులు నవ్వడం, ఆవిడ రిజిస్టరులో టిక్కు పెట్టడం, జీపెక్కడం. ఐదో ఊరు దాటేసరికి నా అలసట కాస్త తగ్గింది. ఇంత గర్వంగా నేను ఎప్పుడు కూర్చున్నానో గుర్తులేదు.

మునగలంక ఆ రోజు జాబితాలోనూ లేదు. ఇంకో చిన్న ఊరు కూడా లేదు. ఎస్తేరు రాణి గారు ఆ విషయం ఎత్తలేదు. జీపు బోడసకుర్రు రేవుకు దిగుతున్నప్పుడు మాత్రం దూరంగా నది మధ్యలో పచ్చటి గీతలా ఉన్న లంకను చూపించి, "అదేనండి" అన్నారు.

బోడసకుర్రు రేవు

పంటు అంటే రెండు పెద్ద పడవలు జోడించి, పైన చెక్కలు పరిచిన బల్లకట్టు. జీపూ, రెండు ఎడ్లబళ్లూ, సైకిళ్లూ, మనుషులూ, ఒక మేకల మంద, అందరం దాని మీదకు ఎక్కాం. మనిషికి పావలా. నది సగం దాటేసరికి పాటు తీసింది. సముద్రం దగ్గర కదా, రోజుకు రెండుసార్లు నీళ్లు పొంగి వస్తాయి, రెండుసార్లు వెనక్కి లాగేస్తాయి. లాగినప్పుడు పంటు ఇసుక మేట మీద కూర్చుండిపోయింది. నా జాబితాలో ఈ దాటడానికి పావుగంట అని ఉంది.

"ఎంతసేపు?" అన్నాను.

"నీళ్లొచ్చేదాకానండి" అన్నాడు పంటు మనిషి. నేనడిగింది అర్థంలేని ప్రశ్న అని అతని మొహంలోనే తెలుస్తోంది.

కాగితాలు చూసుకుందామని సంచి తెరిచాను. అంచులకు చిల్లులుండి, మడతలు మడతలుగా వచ్చే కంప్యూటరు కాగితం. గాలికి ఒక మడత లేచింది, దాని వెనకే ఇంకొకటి, చూస్తుండగానే మొత్తం చీర విప్పినట్టు విప్పుకుని నదిలోకి జారింది. మేకల కాపరి, ఒక బడిపంతులు గారు, పంటు మనిషి కలిసి దాన్ని లాగారు. తడిసిన కాగితాన్ని పంతులు గారు జీపు బానెట్టు మీద ఆరేస్తూ, "ఇన్ని అంకెలేవిటండి?" అని అడిగారు. ఎస్తేరు రాణి గారు కూడా ఇటు తిరిగారు. "నేనూ అడగాలనుకుంటన్నానండి. మీ మిషను దీన్నెలా తేలుస్తుందండి?"

ఎండ నెత్తిన మండుతోంది, ఎక్కడికీ పోయేది లేదు. సరే, చెప్పాను.

"పదమూడు ఊళ్లను ఎన్ని వరసల్లో తిరగొచ్చో తెలుసా? ఆరువందల ఇరవై రెండు కోట్లకు పైగా. అన్నీ ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంటే మా మిషనుకు కూడా తెల్లారదు. అయితే ఒక కిటుకుంది. మనం ఇప్పుడు ఆరు ఊళ్లు చేశాం, పంటు మీద ఉన్నాం. ఆ ఆరింటినీ ఏ వరసలో చేశామో ఇక అనవసరం. ఏయే ఊళ్లు అయిపోయాయి, ఇప్పుడు ఎక్కడ నిలబడ్డాం, టైమెంతయింది, ఇంతే కావాలి. ఇదే ఆరు ఊళ్లను వేరే వరసలో చేసి ఇంతకన్నా ముందే ఇక్కడికొచ్చే దారి ఉంటే, మన దారిని కొట్టేయొచ్చు. ముందు చేరిన వాడికి నష్టం లేదు, కావాలంటే ఆగుతాడు. అలా కొట్టేస్తూ పోతే కోట్లన్నీ పోయి, అయిపోయిన ఊళ్లూ నిలబడ్డ చోటూ కలిపి ఒక్కో గడి అనుకుంటే, లక్షా ఆరువేల నాలుగువందల తొంభై ఆరు గళ్లు మిగుల్తాయి. వాటిని నింపడం మిషనుకు ఒక చాయ్ తాగేంత పని."

చెప్తూ చెప్తూ నేను లేచి నిలబడ్డానని తర్వాత గమనించాను. ఆ కొట్టివేత మొదటిసారి తట్టిన రోజు నాకు అన్నం సయించలేదు. అంత పెద్ద సంఖ్య చేతిలో చెమ్చాడు ఉప్పంత అయిపోయింది. పొరపాటున మంచి దారిని కూడా కొట్టేస్తున్నానేమోనని వారం రోజులు భయపడి, కొట్టేయడం లేదని రుజువు రాసుకున్నాకే నిద్రపోయాను. ఇదంతా ఇంట్లో ఎవరికీ చెప్పలేను, ఆఫీసులో ఎవరూ వినరు. మేట మీద కూర్చున్న పంటు మీద ముగ్గురు మనుషులు, కొన్ని మేకలూ విన్నాయి.

ఎస్తేరు రాణి గారు కాగితం మడత ఒకటి సరిచేశారు. "అంటే ఎలాగొచ్చేవో దానికి అక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదు. అందులోనే ఉంది అందమంతా."

"బాగుందండి" అన్నారు. నిజంగానే అన్నారు. ఆ వెంటనే, "మరి పోయిన్నెల్లో ఎవరికి వెయ్యలేదో, అది కూడా అక్కర్లేదాండి?"

అది నా గళ్లలో లేదు. ప్రతి నెలా కొత్త లెక్క, కొత్త గళ్లు. మునగలంకలో పిల్లలు ఆరుగురు. పడవ మీద వెళ్లి రావడానికి రెండు గంటలు. ఆ రెండు గంటల్లో రోడ్డు మీద మూడు ఊళ్లయిపోతాయి, ముప్ఫై నలభై మంది పిల్లలు. కాబట్టి మునగలంక పోతుంది. వచ్చే నెలా అదే లెక్క, అదే పోవడం. నా రుజువు ప్రకారం అది ఎప్పటికీ పోతూనే ఉంటుంది.

గంటంబావు తర్వాత పోటు వచ్చి పంటు లేచింది. జాబితాలో ఉన్న పదకొండూ ఎలాగో చేశాం, చివరి ఊళ్లో ఐసు ముక్కలు గోళీలంత మిగిలాయి.

గన్నవరం అక్విడెక్టు

మర్నాడు శనివారం. ఎస్తేరు రాణి గారు పి.గన్నవరంలో వాళ్ల నాన్నగారి ఇంటికి తీసుకెళ్లారు. యేసుపాదం గారు కాలవల మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. అంటే తూములు తెరవడం, మూయడం, గట్లు కాయడం. ఆయన తండ్రి పొలాల్లో పాలేరు, ఈయన లస్కరు, కూతురు నర్సు, మనవరాలు కాకినాడలో బీయెస్సీ. ఇవన్నీ ఆయన నేను చెప్పులు విప్పేలోపే చెప్పారు. తర్వాత అక్విడెక్టు చూపించడానికి నడిపించారు. కింద నది, పైన కాలవ. మా వైపు ఒక వంక పారితే ఊరంతా చూడ్డానికి పోతారు. ఇక్కడ ఏటి మీద నుంచి ఇంకో ఏరు నడుస్తుంటే, దాని పక్కన సైకిలు మీద ఒకతను బీడీ కాలుస్తూ పోతున్నాడు, తలైనా తిప్పలేదు.

"ఇన్ని నీళ్లున్నాక మీకు బాధేముంది?" అన్నాను కాస్త అక్కసుగానే.

"అలా అనుకుంటారండి అందరూ. దాళ్వాలో నీళ్లు తక్కువమ్మా. కాలవ తలకాడున్నోళ్లకి ఎప్పుడూ అందుతాయి. శివారు చేలుంటాయి చూడండి, ఆఖర్నున్నవి, అక్కడికెళ్లేసరికి తడే ఉండదు. అంచేత వంతులేస్తారు. వారం ఈ కాలవ, వారం ఆ కాలవ."

"ఎవరి వంతు ముందో ఎలా తేలుస్తారు? ఎకరాలు చూసా?"

"ఎకరాలు చూస్తే శివారోడు చచ్చిపోడాండి? ఎంచేతంటే ఎక్కువ ఎకరాలు ఎప్పుడూ పైనే ఉంటాయి." ఆయన ఒక తూము దగ్గర ఆగారు. సిమెంటు గోడ మీద పాతబడిన సున్నం బొట్టొకటి ఉంది. "ఇది నా పద్ధతండి. ఏ తూముకి ఈసారి నీళ్లందలేదో దానికి సున్నం బొట్టెట్టీవోణ్ణి. తర్వాత వంతులో ముందు దానికే. నీళ్లు దిగి, చివరి మడి తడిసేక నేనే చేత్తో తుడిచేవోణ్ణి. ఇరవై ఆరేళ్లు చేసేను. పెద్ద పుస్తకాలేం రాయలేదండి. బొట్టుందా లేదా, అంతే."

నేను ఆ బొట్టును వేలితో తడిమి చూశాను. ఎన్నో ఏళ్ల సంగతులు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఊరికొక్క బొట్టు. ఉంది, లేదు. మా మిషనులో అంతకన్నా చిన్న వస్తువు ఉండదు. నా లక్షా ఆరువేల గళ్లలో దానికి చోటు పెట్టలేదు. ఆ సంగతి ఒక రిటైరైన లస్కరు దగ్గర తెలుసుకోవడం నాకేమీ హాయిగా అనిపించలేదు, సిగ్గేసింది.

ఇంటికొచ్చాక ఎస్తేరు రాణి గారు పనసపొట్టు కూరతో అన్నం పెట్టారు. తింటుంటే గోడ పక్కన ఐసు పెట్టె మీద నా చూపు పడింది. మూత మీద బంక మరకలు, వేలెడు వేలెడు.

"అవేంటి?"

ఆవిడ పెరుగు గిన్నె అందుకున్నారు. యేసుపాదం గారే చెప్పారు. "నేను బొట్టెట్టినట్టే మా అమ్మాయి ప్లాస్టరు ముక్కలు అంటించేదండి. ఏ ఊరికి అందలేదో ఆ ఊరి పేరు రాసి. తర్వాత నెల ముందు అక్కడికే."

"మీ లిస్టొచ్చేక పీకేసేనండి" అన్నారు ఆవిడ, నా విస్తట్లో పెరుగు వేస్తూ. "మా డాక్టరు గారు, మిషను లెక్క కట్టేక మన బుర్రలు పెట్టకూడదన్నారు. నేనూ అదే నిజవనుకున్నాను. మొదటి నెల ఊరుకున్నాను, రెండో నెల ఊరుకున్నాను. మూడో నెల ఉత్తరం రాసేను. మొదటి నెల్లోనే రాయాల్సిందండి."



మునగలంక

ఆదివారం పొద్దున్నే యేసుపాదం గారు సైకిలు మీద అమలాపురం వెళ్లి ఐసు తెచ్చిపెట్టారు. "ప్రార్థన మానితే నాన్నగారు ఊరుకోరండి. ఇవాళేవీ అనలేదు" అన్నారు ఎస్తేరు రాణి గారు. డాక్టరు గారిని అడిగితే రౌండులో మిగిలి, ఆస్పత్రి ఫ్రిజ్జులో పెట్టిన మూత తీయని సీసా తీసుకెళ్లమన్నారట. ఇద్దరం చిన్న పడవ మీద బయల్దేరాం. నేను టైము చూసుకున్నాను. వెళ్లడానికి యాభై ఐదు నిమిషాలు. నా లెక్క సరిగ్గానే ఉంది.

పడవ దిగేచోట మోకాలి లోతు బురద. రెండడుగులు వేశానో లేదో కుడికాలి చెప్పు లోపలే ఉండిపోయింది. చేత్తో వెతికాను, దొరకలేదు. పద్దెనిమిది రూపాయలు పెట్టి కొన్న కొత్త చెప్పు. ఒంటి చెప్పుతో, చీర కుచ్చెళ్లు దోపుకుని గట్టెక్కాను. ఎస్తేరు రాణి గారు నవ్వాపుకోలేకపోయారు, నేనూ నవ్వాను. ఆ ప్రయాణంలో నేను నవ్వింది అదే ఆఖరు.

పదకొండు ఇళ్లు, అన్నీ తాటాకువి. వంగ, బెండ, పొగాకు మడులు. మొదటి ఇంటి ముందు నాగమణి అనే అమ్మాయి కోళ్లకు నూకలు చల్లుతోంది. పాతికేళ్లుండవు. మమ్మల్ని చూసి చేట కింద పెట్టి లేచింది.

"ఇప్పుడొచ్చేరా నర్సమ్మగారూ" అంది. ఆ గొంతులో కోపం లేదు. పీట వేసింది. నా కాళ్ల మీద నీళ్లు పోసింది. లోపలికెళ్లి పాపను ఎత్తుకొచ్చింది.

పాప పేరు దుర్గ, ఏడాది నిండుతోంది. ఎడమకాలు ఆడిస్తూ తల్లి జుట్టు లాగుతోంది. కుడికాలు గుడ్డతో చేసినట్టు వేలాడుతోంది.

"ముక్కోటి వెళ్లేక జొరం వచ్చిందండి. మూడ్రోజుల్లో తగ్గిపోయింది. తగ్గేక చూస్తే కాలు కదపట్లేదండి. రాజోల్లో చూపించేం. కాకినాడ తీసుకెళ్లమన్నారు."

ఎస్తేరు రాణి గారు పాప కాలు చేతుల్లోకి తీసుకుని పైనుంచి కిందికి నిమిరారు. రిజిస్టరు తెరిచారు. నవంబరులో ఒకసారి చుక్కలు పడ్డాయి. తర్వాత రెండుసార్లు పడాలి. డిసెంబరు ఖాళీ, జనవరి ఖాళీ, ఫిబ్రవరి ఖాళీ.

నేను అడక్కుండా ఉండలేకపోయాను. "డిసెంబర్లో వేసి ఉంటే...?"

"చెప్పలేవండి" అన్నారు ఆవిడ తలెత్తకుండా. "రెండు డోసులు పడ్డోళ్లకి కూడా వచ్చిన కేసులున్నాయి. పడితే వచ్చేది కాదనీ చెప్పలేం, వచ్చేదనీ చెప్పలేం."

నాకు రుజువులంటే ఇష్టం. అవునో కాదో తేలాలి నాకు. ఇది తేలదు. ఆ పాప కాలికి నా జాబితా కారణమని ఎవరూ నిరూపించలేరు. కాదని నేనూ నిరూపించలేను. బతికినంతకాలం ఇది ఇలాగే ఉంటుందని ఆ పీట మీద కూర్చున్నప్పుడే తెలిసింది.

నాగమణి నన్ను చూసి, "ఆవిడ ఎవరండి?" అని అడిగింది. లిస్టు రాసిన మేడమ్ గారని ఎస్తేరు రాణి గారు చెప్పారు. దాచుంటే బాగుండేదని నాకనిపించింది.

"మా లంక లిస్టులో లేదన్నారండి. ఎందుకు లేదండి?"

చెప్పాను. ఏం చెప్పను ఇంక? ఇక్కడికి వచ్చి వెళ్లడానికి రెండు గంటలు పడుతుంది, ఆ రెండు గంటల్లో అవతల మూడు ఊళ్లలో నలభై మంది పిల్లలకు వేయొచ్చు, ఐసు మూడింటి దాకానే ఉంటుంది అని. ఆ అమ్మాయి శ్రద్ధగా వింది. వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది.

"నిజవేనండి" అంది. "నలభై మంది కదా మరి."

మూడు పేజీల రుజువును మా ఆఫీసులో కమిటీ నాలుగు వారాలు పరీక్షించింది. ఇంత తొందరగా, ఇంత పూర్తిగా ఒప్పుకున్న మనిషిని నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. పరాయి ఊళ్లో, బురద కాళ్లతో, ముక్కూ మొహం తెలియని మనుషుల ముందు ఏడ్చాను. నాగమణి కంగారుపడి కొబ్బరిబొండాం కొట్టిచ్చింది.

మిగిలిన ఐదుగురు పిల్లలకూ, దుర్గకూ చుక్కలు వేశాం. తిరిగి పడవెక్కే ముందు ఎస్తేరు రాణి గారు సంచిలోంచి ప్లాస్టరు చుట్ట తీశారు. ముక్క చింపి, దాని మీద పెన్నుతో మునగలంక అని రాసి, ఐసు పెట్టె మూత మీద అంటించారు. చుక్కలు వేసేశాం కదా, ఇక ఎందుకని అడిగాను.

"వచ్చే నెల రెండో డోసుందండి. అదయ్యేదాకా పీకను" అన్నారు.

కొత్తపేట మీదుగా

వెనక్కి వచ్చేటప్పుడు కొత్తపేటలో కొత్త చెప్పులు కొనుక్కున్నాను. షాపాయన కాగితం చుట్టి ఇస్తూ, పాత ఒంటి చెప్పు పారేయమంటారా అని అడిగాడు. ఎందుకో వద్దన్నాను. బస్సులో మళ్లీ అవే నీళ్లు, అవే చెట్లు. ఈసారి వాటి మీద కోపం రాలేదు. కళ్లు మూసుకుని, ప్రోగ్రాములో ఎక్కడ మార్చాలో చూసుకుంటూ వచ్చాను. గళ్లేవీ మార్చనక్కర్లేదు. చివర్న, ఏ గడిని ఎంచుకోవాలన్న చోట ఒక్క షరతు. బొట్టున్న ఊళ్లన్నీ అయిన గళ్లలోంచే మంచిదాన్ని ఎంచుకో. ప్రోగ్రాములో మొత్తం నాలుగు లైన్లు. ఆ నాలుగూ మొదటి రోజే రాసి ఉండొచ్చు. ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

మళ్లీ ఏసీ గదిలో

"ఇలా చేస్తే కొన్ని నెలల్లో పిల్లల మొత్తం తగ్గుతుంది కదమ్మా" అన్నారు మా పై అధికారి కొత్త జాబితా చూసి. తగ్గుతుందన్నాను. "ఉన్నదానికి రుజువుంది. చేజేతులా చెడగొట్టుకుంటావా?" అన్నారు. రుజువు చెడలేదని, ప్రశ్నే మారిందని చెప్పాను. ఏ ఊరూ వరసగా రెండు నెలలు మిగలకూడదు, ఆ హద్దులో ఇంతకన్నా మంచి జాబితా లేదు. దీనికీ రుజువు రాశాను, నాలుగు పేజీలైంది. ఆయన చదవకుండానే సంతకం పెట్టారు. పోయినసారీ చదవలేదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు జాబితాలో అన్నిటికన్నా పైన ఈసారి వదిలేసిన ఊళ్ల పేర్లు పడతాయి. ఆ తర్వాతే వెళ్లాల్సినవి.

పోయిన వారం ఎస్తేరు రాణి గారి ఉత్తరం వచ్చింది. ఈసారి "మేడమ్ గారికి" అని మొదలుపెట్టారు. మునగలంకలో అందరికీ మూడు డోసులూ అయిపోయాయి. దుర్గను నెలకోసారి కాకినాడ తీసుకెళ్తున్నారు. కాలికి పట్టీ వేశారు. గోడ పట్టుకుని లేస్తోంది గానీ నిలబడలేకపోతోంది. చివర్లో ఇలా ఉంది: "మొన్న పాటు బాగా తీసినప్పుడు మీ చెప్పు దొరికిందండి. నాగమణి కడిగి, ఎండబెట్టి, వాళ్ల ఇంటి చూరులో పెట్టింది. మేడమ్ గారు ఎప్పుడొస్తారో అడగమంది."

ఎలా వచ్చామో గుర్తుంచుకోనక్కర్లేదని నిరూపించిన దాన్ని నేనే. నాకు ఆ పంటు గుర్తుంది, సున్నం బొట్టు గుర్తుంది, "నిజవేనండి" అన్న గొంతు గుర్తుంది. రెండో చెప్పు ఇంకా మంచం కింద ఉంది. ఊడ్చేటప్పుడల్లా పనిమనిషి పారేయమంటారా అని అడుగుతుంది. ఉండనీ, దాని జత వేరే ఊళ్లో ఉందని చెప్తాను.